చందమామ వాదన బంద్ పెట్టొద్దప్పా

మా రైడింగ్ బ్యాచ్‌లో కొత్తగా ఒక రూల్ పెట్టినారు. రైడ్‌లో ఉన్నంతసేపు చందమామ మీద మనిషి దిగినాడా లేదా అనే టాపిక్ ఎవరూ ఎత్తకూడదు, భూమి గుండ్రమా చదునా అనేది ఎత్తకూడదు, ఏలియన్లు, ఎగిరే పళ్లాలు, నాసా దాచిపెట్టిన సంగతులు ఏవీ వద్దు. రాజకీయాలు ఎట్ల వద్దనుకున్నామో ఇదీ అట్లే అంట. ఇంజన్ ఆయిల్, ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపింది), టైర్లలో నైట్రోజన్, ఏ బండి మంచిది, ఇవి మాత్రం ఎంతసేపైనా కొట్లాడుకోవచ్చు. రూల్ పెట్టినోళ్ల మీద నాకు కోపం లేదు, జరిగింది చూసినాక ఎవరికైనా భయమేస్తుంది. కానీ ఆ రూల్ తప్పు అని నా గట్టి అభిప్రాయం. ఎందుకు తప్పో మీటింగ్‌లో సగమే చెప్పగలిగినా, మిగతాది ఇక్కడ రాస్తున్నా.

బనగానపల్లె టీ కొట్టు దగ్గర

పోయిన చలికాలం కర్నూలు నుంచి తెల్లారక ముందే బయల్దేరి, ఓర్వకల్లు దాటి, బేతంచెర్లలో ఉగ్గాని బజ్జీ తిని, బనగానపల్లె, యాగంటి, బెలుం గుహలు చూసుకుని జమ్మలమడుగు మీదుగా గండికోట చేరాలని ప్లాన్. బనగానపల్లెలో టీకి ఆగినప్పుడు మా బేతంచెర్ల అన్న (బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది ఆయనకు) మాటల్లో మాటగా "అమెరికావోళ్లు చంద్రుని మీదికి పోలేదప్పా, అదంతా సెట్టింగు" అన్నాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే తమ్ముడొకడు గట్టిగా నవ్వి "పదో తరగతి దాటనోళ్లకు ఇవన్నీ యాడ అర్థమైతాయిలే" అనేసినాడు, అందరి ముందర. అన్న ఏం మాట్లాడలేదు. గ్లాసు పెట్టేసి, గ్లవ్స్ కూడా వేసుకోకుండా బండి స్టార్ట్ చేసి ఒక్కడే పోయినాడు. మేం వెనకాల ఉరికినాం. బండలేసుకుని పోతున్న ట్రాక్టర్‌ను మలుపులో ఓవర్‌టేక్ చేయబోయినాడు, ఎదురుగా లారీ. ఆ లారీ డ్రైవర్ పుణ్యాన, మట్టి బాట వెడల్పుగా ఉండబట్టి, ఏం కాలేదు. కానీ ఆ ఒక్క క్షణం నేను వెనక నుంచి చూసినా కాబట్టి చెప్తున్నా, ఇంకోసారి చూడాలని లేదు.

రూల్ పుట్టింది అక్కడ. చందమామ గురించి మాట్లాడబట్టే కదా మనిషి పోయేవాడు, కాబట్టి చందమామ వద్దు అని.

నాకు మాత్రం ఆ రోజు జరిగింది వేరేలా కనిపిస్తుంది. అన్నకు కోపం తెప్పించింది చందమామ కాదు, ఆ నవ్వు. పదో తరగతి మాట. అదే తమ్ముడు ఆయిల్ గురించి అట్ల నవ్వినా అన్న అట్లే లేచిపోయేవాడు. మరి ఆయిల్ టాపిక్ ఎందుకు బంద్ పెట్టలేదు?

ఇంకో సంగతి, ఈ బేతంచెర్ల అన్న మా బ్యాచ్‌లో అందరికన్నా జాగ్రత్తగా బండి నడిపే మనిషి. పొద్దున్నే చైన్ వేలుతో నొక్కి లూజు చూస్తాడు. బంకులో గాలి గేజ్‌ను నమ్మడు, తన గేజ్ తన సాడిల్ బ్యాగ్‌లో ఉంటుంది. ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూపించే అద్దం చూడకుండా బండెక్కడు. హెల్మెట్, జాకెట్, మోకాలి గార్డులు ఎండాకాలంలో కూడా తీయడు, మా అనంతపురం ఎండలో కూడా. నవ్విన తమ్ముడు మాత్రం సైన్స్ అంతా సరిగ్గా చెప్తాడు, హెల్మెట్ మాత్రం ఊరు దాటినాకే పెడతాడు. అందుకే కుట్ర కథలు నమ్మేవాడు తెలివి తక్కువోడు, అజాగ్రత్త మనిషి అనే మాట నేను ఒప్పుకోలేను. అట్ల అనుకుంటే నాకూ సులభంగానే ఉండేది, వాదన అక్కడికి అయిపోయేది. నా కళ్ల ముందరున్న మనుషులు ఆ లెక్కలో ఇమడట్లేదు.

అంతకుముందు ఒకసారి గండికోటలో టెంట్లు వేసుకున్న రాత్రి, ఆకాశంలో దీపాల వరస ఒకటి, రైలు పెట్టెల మాదిరి, ఒకదాని వెనక ఒకటి చప్పుడు లేకుండా పోతూ కనిపించింది. అందరూ లేచి అరిచినారు. ఎగిరే పళ్లెం అని వీడియో తీసి పంపినోళ్లలో ఇద్దరు ఇంజనీర్లు. "అవి స్టార్‌లింక్ శాటిలైట్లు, కొత్తగా వదిలినప్పుడు కొన్నాళ్లు అట్ల వరసలో పోతాయి, 2019 నుంచి వదుల్తానే ఉండారు" అని ఫోన్‌లో యాప్ తీసి చూపించింది ఎవరనుకున్నారు, ఈ బేతంచెర్ల అన్నే.

ఆయిల్‌కు ఒక రుజువు, చందమామకు ఒక రుజువా

రైడర్లు ఊరికే నమ్మే మనుషులు కాదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు కొట్టిస్తే ఎక్కువ వస్తుందని ఎవరో అంటారు, భూమిలో ట్యాంకు లోపల పగలూ రాత్రీ వేడి పెద్దగా మారదు కదా అని ఇంకొకరు అంటారు. నైట్రోజన్ కొట్టిస్తే టైరు వేడెక్కదంటారు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది కదా అని మా మెకానిక్ భాయ్ అడుగుతాడు. ఈ20 వచ్చినాక మైలేజ్ పడిపోయిందని అందరూ అంటున్నారు, లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు దాకా శక్తి తక్కువ కాబట్టి కొంత పడటం సహజమే, కానీ ఎవరి బండికి ఎంత అంటే మాత్రం ట్యాంక్ ఫుల్ చేయి, నడుపు, మళ్లీ ఫుల్ చేసి లెక్క చూడు, అదీ ఒక్కసారి కాదు, అంటారు. మీటర్‌లో చూపించే మైలేజ్‌ను ఎవరూ ఒప్పుకోరు. ఇది మంచి అలవాటు, చాలా మంచి అలవాటు.

అన్నిటికన్నా పెద్ద గొడవ ఘాట్‌లో న్యూట్రల్ గురించి. కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాట్ తెలిసినోళ్లకు చెప్పక్కర్లేదు, కిందికి దిగేటప్పుడు న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపేస్తే పెట్రోలు మిగుల్తుందని మా దగ్గర ఇప్పటికీ నమ్మేవాళ్లు ఉన్నారు. ఇంజన్ ఆపితే మిగిలేది కొన్ని చుక్కలు, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పితే పోయేది ప్రాణం. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో గేర్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు దానంతటదే కట్ అయితుంది, న్యూట్రల్‌లో ఇంజన్ ఆగకుండా ఉండడానికి తాగుతూనే ఉంటుంది, అంటే న్యూట్రల్‌తో ఆ చుక్కలు కూడా మిగలవు. ఈ ముక్క మా బ్యాచ్‌లో తేలడానికి చాలా రైడ్‌లు పట్టింది, కానీ తేలింది. మాట్లాడుకోబట్టి తేలింది. ఎవరన్నా అప్పుడు "ఘాట్ టాపిక్ వద్దు, గొడవలైతున్నాయి" అని రూల్ పెట్టుంటే?

నేను చెప్పదల్చుకున్నది ఇదే, కొత్త రుజువు ఏదీ వద్దు, బండికి అడిగే రుజువునే ఆకాశానికీ అడగండి, అంతకన్నా తక్కువ వద్దు, ఎక్కువా వద్దు. బేతంచెర్ల అన్న గేజ్‌ను అనుమానించినట్టు నాసాను అనుమానించడం తప్పు కాదు. కానీ గేజ్‌ను అనుమానించి ఊరుకోలేదు కదా, ఇంకో గేజ్ తెచ్చి కొలిచినాడు. చందమామ విషయంలో ఆ రెండో పని జరగలేదు. అంతే తేడా.

హ్యాండిల్ సంగతి

"నా కండ్లతో చూస్తేనే నమ్ముతా" అని అన్న ఎప్పుడూ అనే మాట. వినడానికి బాగుంటుంది. అది చాలదు అని నాకు తెలిసింది బండి వల్లే.

స్పీడ్‌లో ఉన్నప్పుడు బండిని ఎడమకు తిప్పాలంటే ఏం చేస్తావ్ అని అడగండి, హ్యాండిల్ ఎడమకు తిప్పుతా అంటారు, లేదంటే ఒళ్లు వంచుతా అంటారు. జరిగేది వేరు. ఎడమ చేత్తో హ్యాండిల్‌ను ముందుకు నెడతాం, అంటే చక్రం ఒక్క రవ్వ కుడికి పోతుంది, బండి ఎడమకు వాలుతుంది, ఆ వాలుతో ఎడమకు తిరుగుతుంది. కౌంటర్ స్టీరింగ్ అంటారు. ఏళ్ల తరబడి బండి నడిపినోళ్లు కూడా రోజూ చేస్తూనే ఇది అబద్ధం అంటారు. విమానం చేసిన విల్బర్ రైట్ ముందు సైకిళ్ల షాపు మనిషి, ఆయన కూడా సైకిల్ తొక్కేవాళ్లను ఇదే ప్రశ్న అడిగి, ఎవరికీ తమ చేతులు ఏం చేస్తున్నాయో తెలియదని గమనించినాడు. మన చేతుల సంగతే మనకు కనపడనప్పుడు, కంటితో చూడటం అనేదాన్ని అంత పెద్ద సాక్ష్యం ఎట్ల చేస్తాం?

ఈ సంగతి మీద ఒక టీ బ్రేక్ అంతా కొట్లాట అయింది. బేతంచెర్ల అన్న ససేమిరా అన్నాడు. నలభై ఏండ్ల మనిషిని, బండి తిప్పడం నాకు నేర్పిస్తావా అన్నట్టు చూసినాడు. అక్కడితో ఆగిపోయింది, ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. తర్వాతెప్పుడో, వేరే పని మీద ఫోన్ చేసి, పెట్టేసే ముందర "ఆ హ్యాండిల్ మాట నిజమే తమ్ముడూ, ఓర్వకల్లు రోడ్డు ఖాళీగా ఉంటే అరచేత్తో మెల్లగా నెట్టి చూసినా" అన్నాడు.

ఇది నాకు చాలా పెద్ద విషయం. వాదన టీ కొట్టు దగ్గర తేలలేదు. హెల్మెట్ లోపల తేలింది, ఒక్కడే ఉన్నప్పుడు, ఎవరూ చూడనప్పుడు. రైడర్‌కు ఆ సౌకర్యం ఉంది, టీ దగ్గర విన్న మాటను రెండు మూడు గంటలు ఒంటరిగా నమిలే టైం ఇంకెవరికి దొరుకుతుంది చెప్పండి. "ఎవడూ మారడు, ఎందుకొచ్చిన వాదన" అని రూల్ పెట్టినోళ్లు అంటున్నారు కదా, వాళ్లు చూస్తున్నది టీ కొట్టు వరకే. మనిషి అక్కడ మారడు. అందరి ముందర ఎవరు మారతారు?

రోవర్ మడ్‌గార్డ్

ఇక చందమామ దగ్గరికి వస్తా. అన్నతో నేను చంద్రుని మీద పాతిన జెండా ఎందుకు ఊగింది (పై అంచుకు అడ్డకడ్డీ ఉంది, గాలి లేనిచోట ఊపితే ఊగుడు ఆగడానికి టైం పడుతుంది), అక్కడి ఫొటోల్లో నక్షత్రాలు ఎందుకు పడలేదు (ఎండలో తెల్లగా మెరిసే నేలకు కెమెరా సెట్ చేస్తే చుక్కలు పడవు, రాత్రి హెడ్‌లైట్ వెలుగులో తెల్ల బండను ఫొటో తీసి చూడు) అని మాట్లాడి ఉపయోగం లేదని త్వరగానే తెలిసింది. అవి అందరూ అరిగిపోయేదాకా చెప్పినవే, ఆయనకూ జవాబులు రెడీగా ఉన్నాయి. నీడలు వేరే వేరే దిక్కులు పోయినాయి కాబట్టి లైట్లు పెట్టినారు అంటే, గండికోటలో సాయంత్రం ఎగుడుదిగుడు బండల మీద మా బండ్ల నీడలు ఫొటో తీసి చూపించినా, ఒక్క సూర్యుడే ఉన్నా నీడలు తలో దిక్కు పోయినాయి. "ఊ" అన్నాడు. అంతే.

ఆయన నిజంగా కూర్చుని విన్నది రోవర్ గురించి. నాసా చంద్రయాత్రల్లో అపోలో 15, 16, 17 మూడు సార్లు, 1971, 72లో, చంద్రుని మీదికి బ్యాటరీ బండి తీసుకుపోయినారు. నాలుగు చక్రాలు, భూమి మీద తూకం 210 కిలోలు, అంటే పెద్ద టూరింగ్ బైక్ అంత బరువు. టైర్లలో గాలి లేదు, జింకు పూత వేసిన ఉక్కు తీగలతో అల్లిన జాలీ టైర్లు. పంచర్ భయం లేదు కదా అని అన్న మొదటిసారి నవ్వినాడు. బండి చెడిపోతే నడిచి వెనక్కి రాగలిగినంత దూరమే పోవాలని వాళ్లకు రూల్. ఇది విని "అది కరెక్టు" అన్నాడు. నల్లమలలో నెట్‌వర్క్ లేనిచోట బండి ఆగితే ఏమైతుందో తెలిసిన మనిషి కాబట్టి అట్ల అన్నాడు.

1972 డిసెంబర్‌లో అపోలో 17లో వ్యోమగామి జీన్ సెర్నన్ జేబులోని సుత్తి తగిలి వెనక మడ్‌గార్డ్ విరిగింది. విరిగితే ఏమైతుంది, మట్టంతా ఎగిరి మీద పడుతుంది. టేపేసినారు, దుమ్ముకు టేపు అంటలేదు, ఊడిపోయింది. తర్వాత నాలుగు మ్యాపు అట్టలు టేపుతో అతికించి, క్లాంపులతో బిగించి మడ్‌గార్డ్ చేసుకున్నారు. ఆ మ్యాపుల మడ్‌గార్డ్‌ను వెనక్కి తెచ్చి వాషింగ్టన్ మ్యూజియంలో పెట్టినారు. కథ అల్లేవాడికి ఇంత అవసరమా అన్నా నేను. "తెలివైనోడు అల్లితే ఇట్లాంటివే అల్లుతాడు" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది, మడ్‌గార్డ్ కథ బాగుంది కాబట్టి నిజం అనడం రుజువు కాదు.

దుమ్ము మాత్రం అట్ల కాదు. మట్టి రోడ్డు మీద ముందర ఒక బండి పోతే వెనకాల రెండో బండోడి గతి ఏందో మాకందరికీ తెలుసు. దుమ్ము లేచి, మబ్బు మాదిరి గాల్లో నిలబడి, కండ్లలో, నోట్లో, ఎయిర్ ఫిల్టర్‌లో దూరుతుంది. అపోలో 16 రోవర్ తోలిన వీడియో చూడండి. చక్రాల నుంచి దుమ్ము లేస్తుంది, విసిరిన రాయి లెక్క వంపు తిరిగి నేరుగా కింద పడిపోతుంది. నిలబడదు, మబ్బు కట్టదు. నిలబెట్టడానికి గాలి లేదు కాబట్టి. దీన్ని భూమి మీద తీయాలంటే మైదానమంత హాలులో గాలంతా తీసేయాలి, తీసినా వస్తువులు పడే వేగం చంద్రుని మీది ఆరో వంతు బరువుకు తగ్గట్టు కావాలి. అన్న ఫోన్‌లో ఆ వీడియో మళ్లీ మళ్లీ చూసినాడు, స్లో చేసి చూసినాడు. ఏం అనలేదు. నేనూ అడగలేదు.

జ్వాలాపురం బూడిద

యాగంటికి వందల బండ్లు పోతాయి, అక్కడికి దగ్గర్లోనే జుర్రేరు వాగు పక్కన జ్వాలాపురం ఉంది, ఆగేవాళ్లు చాలా తక్కువ. అక్కడ నేల కింద తెల్లటి బూడిద పొర ఉంది. దాదాపు 74,000 ఏళ్ల కింద ఇండోనేషియా సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరి వచ్చి పడిన బూడిద అది. పురావస్తు పరిశోధకుడు మైఖేల్ పెట్రాగ్లియా టీం అక్కడ తవ్వి, బూడిద పొరకు కిందా పైనా మనుషులు చేసిన రాతి పనిముట్లు చూసి 2007లో బయటపెట్టినారు. సుమత్రా నుంచి మన బనగానపల్లె దాకా! ఏ కుట్ర కథలో ఉంది ఇంత ఆశ్చర్యం?

అన్నకు ఆ తెల్ల పొడి తెలుసు, దాన్ని తవ్వి అమ్ముకోవడం చూసినాడు. ఆయన అడిగిన ప్రశ్న: "ఇది సుమత్రాదే అని ఎట్ల చెప్తారు, పేరు రాసుందా?" పొడిలోని గాజు రవ్వల రసాయనం, టోబా దగ్గర దొరికే బూడిద రసాయనం కలిపి చూస్తే సరిపోయినాయి అని చెప్పినా. వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకంటే అది ఆయన పనే, బండ ముక్క చేతికిస్తే బేతంచెర్లదా తాడిపత్రిదా చెప్పేస్తాడు.

అప్పుడు చెప్పినా, అపోలో మనుషులు తెచ్చిన రాళ్లు, మట్టి 382 కిలోలు ఉన్నాయి, ప్రపంచమంతా పంచినారు, మన దేశంలో శాస్త్రవేత్త దేవేంద్ర లాల్ గారి బృందం కూడా పరీక్షించింది. ఆ రాళ్ల పైన కంటికి కనపడనంత చిన్న గుంటలు, లోపల గాజు పూత. ఇసుక రేణువు కన్నా చిన్న ఉల్కలు విపరీతమైన వేగంతో వచ్చి కొట్టిన గుంటలు అవి, గాలి ఉన్నచోట ఆ రేణువులు నేల దాకా రానే రావు, పైనే కాలిపోతాయి. మన రాళ్ల లోపల ఎక్కడో ఒకచోట నీళ్లు తగిలిన గుర్తు ఉంటుంది, వాటిలో అట్ల తడిసి మారిన ఖనిజాలు లేవు. జ్వాలాపురం బూడిదకు ఒప్పుకున్న రుజువే కదన్నా ఇది, దీనికి ఎందుకు ఒప్పుకోవు?

"రాళ్లు మిషన్‌తో కూడా తేవచ్చు కదా" అన్నాడు. తేవచ్చు, 1970లో రష్యా లూనా 16 మనుషులు లేకుండానే తెచ్చింది. తెచ్చింది 101 గ్రాములు. 101 గ్రాములకూ 382 కిలోలకూ తేడా బండల వ్యాపారం చేసే మనిషికి నేను చెప్పాలా?

ఇస్రో అయితే నిజం, నాసా అయితే అబద్ధం

అన్న చంద్రయాన్‌ను నూటికి నూరు పాళ్లు నమ్ముతాడు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ దిగినప్పుడు ఫ్యాక్టరీలో మిషన్లు ఆపించి అందరికీ స్వీట్లు పంచినాడు. "మనోళ్లు అబద్ధం చెప్పరు, 2019లో పడిపోతే పడిపోయిందనే చెప్పినారు కదా" అంటాడు. ఈ మాట నాకు చాలా నచ్చుతుంది, ఓటమిని దాచనోడి గెలుపును నమ్మొచ్చు అనేది మంచి లెక్కే. అదే లెక్కన, 1967లో అపోలో 1 మంటల్లో ముగ్గురు చచ్చిపోయిందీ, 1970లో అపోలో 13 దిగకుండా వెనక్కి వచ్చిందీ నాసా దాచలేదు.

విక్రమ్ మీద నాసా ఇచ్చిన చిన్న లేజర్ అద్దాల పరికరం ఉంది. 2023 డిసెంబర్ 12న చంద్రుని చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ దాని మీదికి లేజర్ కొడితే వెలుగు తిరిగొచ్చింది. అట్లాంటి అద్దాలే అపోలో 11, 14, 15 వాళ్లు పెట్టొచ్చినారు, ఇప్పటికీ భూమి మీంచి లేజర్ కొట్టి కొలుస్తున్నారు, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని తెలిసింది అట్లనే. అన్న ఊరుకుంటాడా, "రష్యావోళ్లు రోబో బండి మీద కూడా పంపినారు కదా అద్దాలు, మనిషి పెట్టినాడని ఏం గ్యారంటీ" అన్నాడు. నిజమే, లునోఖోద్ బండ్ల మీద ఉన్నాయి. అద్దం ఒక్కటే చూసి మనిషి దిగినాడనలేం. కానీ అద్దం, రాళ్లు, దుమ్ము, ఎల్‌ఆర్‌ఓ ఫొటోల్లో కనిపించే కాలిబాటలు, చక్రాల జాడలు, ఆఖరికి మన చంద్రయాన్-2 ఆర్బిటర్ తీసిన అపోలో 11 దిగిన చోటు ఫొటో, ఇవన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నప్పుడు? ఇస్రోను నమ్ముతా అన్నావు కదన్నా, ఆ ఫొటో ఇస్రోదే.

అవతలి పక్క మాటలు

రూల్ కావాలనే వాళ్ల మాటల్లో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఒకటుంది. "నువ్వు చెప్పే పద్ధతి నీకూ అన్నకూ పనికొస్తుంది, మీరిద్దరూ ఓపిక మనుషులు. పదిహేను మంది ఉన్న బ్యాచ్‌లో ఒకడు నవ్వకుండా ఉంటాడని గ్యారంటీ ఇస్తావా? ఆ లారీ సంగతి మర్చిపోయినావా?" అని మెకానిక్ భాయ్ అడిగినాడు. గ్యారంటీ నేనివ్వలేను. ఒక ప్రాణం ముందు ఏ వాదన గొప్ప అంటే జవాబు లేదు. కానీ కోపంతో బండెక్కడం అనేది పెండ్లాంతో గొడవైనా జరుగుతుంది, అప్పులోడి ఫోన్ వచ్చినా జరుగుతుంది. అప్పుడు చేయాల్సింది తాళం తీసుకోవడం, ఇంకో టీ తాగించడం. ఆ రోజు మేం పదిహేను మందీ కూర్చునే ఉన్నాం, లేచి తాళం పట్టుకున్నోళ్లు లేరు. రూల్ పెట్టాలంటే దాని మీద పెట్టాలి.

రెండోది, ప్రభుత్వాలు అబద్ధం చెప్పవా అనేది. చెప్తాయి. కాబట్టే ఎవరికి ఆ అబద్ధం బయటపెడితే లాభమో వాళ్లు ఏమన్నారో చూడాలి. అపోలో 11 దిగిన రోజు రష్యా లూనా 15 కూడా చంద్రుని చుట్టూ తిరుగుతోంది, 1969 జూలై 21న పడిపోయింది. అమెరికా పరువు తీయడానికి అంతకు మించిన అవకాశం రష్యాకు రాదు. వాళ్లు నోరెత్తలేదు.

మళ్లీ ఎందుకు పోలేదు అంటే డబ్బు. 1966లో అమెరికా కేంద్ర ఖర్చులో 4 శాతం పైన నాసాకు పోయింది, ఇప్పుడు అర శాతం కూడా లేదు. అపోలో 18, 19, 20 ఎగరకముందే రద్దు చేసినారు.

"యాగంటి బసవన్న పెరుగుతున్నాడని నమ్ముతారు, చంద్రుని మీద మనిషి దిగినాడంటే నమ్మరు" అని కూడా ఆ రోజు ఎవరో అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. దండం పెట్టుకునే చోటును వాదనలోకి లాగితే అవతలోడు చెవులు మూసుకుంటాడు, మూసుకోవడం న్యాయమే కూడా.

44వ నంబర్ హైవే

చదును భూమి గొడవ మా బ్యాచ్‌లో అనంతపురం డిగ్రీ పిల్లోడిది. వాడికి నేను చెప్పేది ఒకటే, మన కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ నంబర్ హైవేనే కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా పోతుంది, అంతకన్నా పెద్ద ప్రయోగశాల ఏముంది? ధ్రువ నక్షత్రం కన్యాకుమారిలో నేల మీంచి 8 డిగ్రీలు ఎత్తులో ఉంటుంది, కర్నూలులో దాదాపు 16, నాగపూర్‌లో 21, గ్వాలియర్‌లో 26, శ్రీనగర్‌లో 34. చెయ్యి చాపి పిడికిలి పెడితే సుమారు 10 డిగ్రీలు, అంటే కర్నూలులో పిడికిలిన్నర, శ్రీనగర్‌లో మూడున్నర. దక్షిణాన చూస్తే అగస్త్య నక్షత్రం, మన దగ్గర శీతాకాలంలో బాగా పైకి వస్తుంది, శ్రీనగర్‌లో కొండల వెనకాలే ఉండిపోతుంది, లేచినా 3 డిగ్రీలే.

ఇది విని ఆ పిల్లోడి కన్నా ముందు బేతంచెర్ల అన్నే అడ్డం వచ్చినాడు. భూమి గుండ్రమని ఆయన నమ్ముతాడు, అయినా "చదునుగా ఉన్నా దీపానికి దూరం జరిగితే కిందికే కనపడుతుంది కదప్పా, దీంతో ఏం తేలింది" అన్నాడు. ఎంత మంచి ప్రశ్న! జవాబు లెక్కలో ఉంది. చదును నేల మీద స్తంభం దీపం దగ్గరికి పోయేకొద్దీ ఎత్తు మొదట మెల్లగా, తర్వాత తొందరగా పెరుగుతుంది. గుండ్రటి నేల మీద ఎక్కడైనా సరే, ఉత్తరానికి 111 కిలోమీటర్లకు ఒక డిగ్రీ, సమానంగా. కాబట్టి రెండు ఊర్లు చాలవు, నాలుగైదు ఊర్లలో కొలవాలి. దారి వంకర్లు తీసేసి ఉత్తరం దిక్కు దూరమే లెక్కపెట్టాలి, మీటర్ రీడింగ్ పనికిరాదు.

అక్టోబర్‌లో వానలు తగ్గినాక శ్రీనగర్ రైడ్ ఉంది. కన్యాకుమారి రీడింగ్ కోసం ముందే ఒక వీకెండ్ దక్షిణానికి పోతున్నాం, నేను, అన్న, ఆ పిల్లోడు. అన్న ఇప్పటికే కోణమానిని ఒకటి తెచ్చి, దారానికి చిన్న బండ ముక్క కట్టి, చూడటానికి స్ట్రా అతికించి పెట్టినాడు. నవ్విన సాఫ్ట్‌వేర్ తమ్ముడు కూడా పేరిచ్చినాడు, అన్నతో తనే ఫోన్‌లో మాట్లాడినాడంట, ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు.

బ్యాచ్‌కు నేను పెట్టిన ప్రపోజల్ రెండు ముక్కలు. టాపిక్ ఏదైనా పర్లేదు, చదువు మీద, ఊరి మీద, దేవుని మీద మాట తూలకూడదు. ఎవరన్నా కోపంగా లేచినారంటే పక్కనున్నోడు బండి తాళం తీసి పెట్టుకోవాలి. దీని మీద మళ్లీ మీటింగ్ పెడతామన్నారు. అన్న మాత్రం నాకు ఒక షరతు పెట్టినాడు: రీడింగ్‌లు ఆయనే తీస్తాడు, నేను ముట్టుకోకూడదు, నాలుగు ఊర్ల లెక్క సమానంగా రాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో తేలేదాకా నేను ఈ టాపిక్ మీద నోరెత్తకూడదు. సరే అన్నా.